తేలికపాటి విమానం మారినపుడు ల్యాండింగు పద్ధతి

ఒక రకం తేలికపాటి విమానాన్ని నడపడం నేర్చుకొన్న పైలటు మరొక రకానికి మారినపుడు, విమానాన్ని నేలకు దించే పద్ధతిలో చేసుకోవలసిన మార్పులను ఈ వ్యాసం వివరిస్తుంది. తేలికపాటి విమానం అంటే ఇక్కడ ప్రధానంగా ఒకే పిస్టన్ ఇంజనుతో, రెండు నుండి ఆరు సీట్లతో ఉండే చిన్న విమానం. సెస్నా 152, సెస్నా 172, పైపర్ చెరోకీ, డైమండ్ డీఏ40, సిర్రస్ ఎస్ఆర్22 మొదలైనవి ఇందుకు ఉదాహరణలు.

అన్ని విమానాలకూ ల్యాండింగు సూత్రం ఒకటే. తగిన వేగంతో, తగిన కోణంలో రన్‌వే సమీపానికి రావాలి. నేలకు కొద్ది ఎత్తులో దిగుడును ఆపి, వేగాన్ని తగ్గిస్తూ ప్రధాన చక్రాలపై మెల్లగా వాలాలి. అయితే ఆ వేగమెంత, ఆ ఎత్తు ఎక్కడ, ముక్కును ఎంత పైకెత్తాలి, చేతికి ఎంత బలం కావాలి అన్నవి విమానాన్ని బట్టి మారతాయి. అనుభవజ్ఞుడైన పైలటు వీటిని లెక్కవేసుకొని చేయడు; కంటికి, చేతికి పట్టిన అలవాటుతో చేస్తాడు. విమానం మారినా ఆ అలవాటు మాత్రం పాత విమానానిదే. అందువలన వందల గంటల అనుభవం ఉన్నవారు కూడా కొత్త విమానంలో మొదటి కొద్ది ల్యాండింగులలో పొరపాటు చేసే అవకాశం ఉంది.

ల్యాండింగులోని దశలు

విమానం సాధారణంగా రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రాకారపు మార్గంలో తిరిగి, చివరకు రన్‌వేకు ఎదురుగా వస్తుంది. ఈ చివరి భాగాన్ని ఫైనల్ అంటారు. తరువాతి దశలు ఇవి.

* అప్రోచ్: నిర్ణీత వేగంతో, స్థిరమైన కోణంలో రన్‌వే వైపు దిగడం.
* రౌండవుట్: నేలకు సుమారు 10 నుండి 20 అడుగుల ఎత్తులో ముక్కును క్రమంగా ఎత్తి, దిగుడును తగ్గించడం.
* ఫ్లేర్: ఇంజను శక్తిని తగ్గించి, విమానాన్ని నేలకు కొద్దిగా పైన నిలిపి, వేగం తగ్గే కొద్దీ ముక్కును మరింత ఎత్తడం.
* నేల తాకడం: రెక్కలు ఇక మోయలేని స్థితికి చేరువైనపుడు ప్రధాన చక్రాలు నేలను తాకడం.
* నేలపై పరుగు: దిశను నిలుపుకొంటూ వేగం తగ్గించడం.

అప్రోచ్‌లో చేసిన పొరపాటును దిద్దుకోవడానికి కొంత వ్యవధి ఉంటుంది. రౌండవుట్ నుండి నేల తాకేవరకు కొద్ది క్షణాలు మాత్రమే ఉంటాయి. పాత అలవాటు ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఈ దశలోనే.

విమానాల మధ్య తేడాలు

కంటికి కనిపించే దృశ్యం

పైలటు తన ఎత్తును ప్రధానంగా చూపుతోనే అంచనా వేస్తాడు. రన్‌వే వెడల్పు ఎలా కనిపిస్తున్నది, దాని దూరపు అంచు ముక్కుకు ఎంత పైన ఉన్నది అన్నవి అతనికి ఆధారాలు. ఎత్తైన విమానానికి అలవాటుపడిన పైలటు తక్కువ ఎత్తులో కూర్చునే విమానానికి మారితే, కన్ను పాత ఎత్తుకు చేరగానే నేల దగ్గరపడిందనుకొని ముందుగానే ఫ్లేర్ చేస్తాడు. పెద్ద విమానాలు నడిపే పైలట్లు చిన్న విమానంలో ఎక్కువ ఎత్తులో ఫ్లేర్ చేయడానికి కారణం ఇదే. చిన్న విమానం నుండి ఎత్తైన దానికి మారినవారి పొరపాటు దీనికి వ్యతిరేకం. వారికి ఇంకా ఎత్తు ఉన్నట్లు అనిపించినపుడే చక్రాలు నేలను తాకుతాయి.

ముక్కు ఆకారం కూడా ముఖ్యమే. పొడవైన ఇంజను కప్పు ఉన్న విమానంలో ఫ్లేర్ సమయంలో రన్‌వే దాదాపుగా కనుమరుగవుతుంది. అటువంటపుడు పైలటు చూపును పక్కకు మరల్చి, రన్‌వే అంచును చూస్తూ ఎత్తును గ్రహించాలి. సీట్లు పక్కపక్కన ఉన్న విమానంలో పైలటు మధ్యరేఖకు ఎడమవైపున కూర్చుంటాడు. అతడు ఇంజను కప్పు నడిమి భాగాన్ని రన్‌వే చివరకు గురిపెడితే విమానం కొద్దిగా ఎడమకు తిరిగి ఉంటుంది. సీట్లు ముందు వెనుకలుగా ఉన్న విమానం నుండి వచ్చినవారు ఈ పొరపాటు తరచుగా చేస్తారు.

రెక్క స్థానాన్ని బట్టి కూడా దృశ్యం మారుతుంది. సెస్నా వంటి ఎగువ రెక్క విమానాలలో ఫైనల్ వైపు మలుపు తిరిగేటపుడు లోపలి రెక్క దిగి రన్‌వేను కప్పివేస్తుంది. పైపర్ చెరోకీ వంటి దిగువ రెక్క విమానాలలో మలుపులో రన్‌వే బాగా కనిపిస్తుంది గాని, సరిగ్గా క్రింద ఉన్న విమానం కనిపించదు.

వేగం

అప్రోచ్ వేగాన్ని సాధారణంగా ల్యాండింగు స్థితిలోని స్టాల్ వేగానికి 1.3 రెట్లుగా తీసుకొంటారు. స్టాల్ అంటే రెక్కపై గాలి ప్రవాహం చెదరి, రెక్క మోసే శక్తి పడిపోవడం. ఈ వేగం విమానానికొక విధంగా ఉంటుంది. పాత విమానపు వేగాన్ని కొత్త దానిలో వాడితే రెండు రకాల ప్రమాదాలు ఉన్నాయి. తక్కువైతే విమానం నేలకు పైన ఉండగానే స్టాల్ కావచ్చు. ఎక్కువైతే అది నేలను తాకకుండా తేలుతూ పోయి, రన్‌వేలో అధికభాగం వృథా అవుతుంది. కదిలే వస్తువు శక్తి వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. కనుక వేగం 10 శాతం ఎక్కువైతే బ్రేకులు అరికట్టవలసిన శక్తి 21 శాతం పెరుగుతుంది.

కొత్త విమానమంటే భయంతో "జాగ్రత్త కోసం" 5 లేదా 10 నాట్లు అదనంగా వేసుకోవడం చాలామందిలో కనిపించే అలవాటు. ఈ అదనపు వేగమే చాలా గెంతులకు, రన్‌వే దాటిపోవడానికి మూలం అవుతుంది.

వేగసూచిక ప్రమాణాన్ని కూడా గమనించాలి. 1970ల మధ్యకాలం వరకు తయారైన అనేక సెస్నా, పైపర్ విమానాలలో ప్రధాన కొలత గంటకు మైళ్ళలో ఉండేది. తరువాతి వాటిలో నాట్లలో ఉంది. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లకు సమానం. 65 నాట్లు గంటకు దాదాపు 75 మైళ్ళు. నాట్లకు అలవాటుపడిన పైలటు మైళ్ళ సూచికపై 65 వద్ద ముల్లును నిలిపితే, నిజానికి విమానం 57 నాట్లకన్నా తక్కువ వేగంతో ఎగురుతూ ఉంటుంది. స్టాల్‌కు ఉండవలసిన అంతరంలో సగానికి పైగా ఈ ఒక్క పొరపాటుతో పోవచ్చు.

బరువు, రెక్కభారం

విమానం బరువును రెక్క వైశాల్యంతో భాగిస్తే వచ్చే విలువను రెక్కభారం అంటారు. ఇది ఎక్కువైన కొద్దీ ల్యాండింగు వేగం సాధారణంగా పెరుగుతుంది. గరిష్ఠ బరువు వద్ద కొన్ని విమానాల రెక్కభారం, ఫ్లాపులు దించినపుడు సాధారణ అప్రోచ్ వేగం సుమారుగా ఈ విధంగా ఉంటాయి.

* పైపర్ జె-3 కబ్: చదరపు మీటరుకు 33 కిలోలు (ఫ్లాపులు లేవు, వేగం 45 నుండి 50 నాట్లు)
* సెస్నా 152: 51 కిలోలు, 55 నుండి 65 నాట్లు
* పైపర్ వారియర్ 2: 67 కిలోలు, 63 నాట్లు
* సెస్నా 172ఎస్: 71 కిలోలు, 60 నుండి 70 నాట్లు
* సిర్రస్ ఎస్ఆర్22: 115 కిలోలు, 80 నాట్లు

ఒకే విమానంలో కూడా బరువు మారితే వేగం మారుతుంది. స్టాల్ వేగం బరువు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. సెస్నా 172ఎస్ గరిష్ఠ బరువు 1,157 కిలోలు. ఆ బరువుకు పొట్టి రన్‌వే అప్రోచ్ వేగం 61 నాట్లు. పైలటు ఒక్కడే ఉండి బరువు 950 కిలోలకు తగ్గితే, ఇదే నిష్పత్తిలో ఆ వేగం సుమారు 55 నాట్లు అవుతుంది. నలుగురితో ఎగరడం నేర్చినవారు ఒంటరిగా వెళ్ళినపుడు విమానం నేల తాకకుండా తేలుతూ పోవడానికి కారణం ఇదే.

బరువు ఎక్కడ ఉన్నదన్నది మరొక విషయం. ముందు సీట్లలో ఇద్దరే కూర్చుంటే గురుత్వకేంద్రం ముందుకు జరిగి, ముక్కును ఎత్తడానికి ఎక్కువ బలం కావాలి.

ఫ్లాపులు

రెక్కల వెనుక అంచున క్రిందికి వంగే భాగాలను ఫ్లాపులు అంటారు. ఇవి స్టాల్ వేగాన్ని తగ్గించి, దిగుడు కోణాన్ని పెంచుతాయి. సెస్నా 172ఎస్‌లో ఇవి విద్యుత్తుతో 10, 20, 30 డిగ్రీలకు కదులుతాయి. పాత 172లలో 40 డిగ్రీల వరకు దిగేవి. చెరోకీలో రెండు సీట్ల మధ్యనున్న చేతి లివరును లాగి 10, 25, 40 డిగ్రీలకు పెడతారు. లివరును ఒక్కసారిగా వదిలితే ఫ్లాపులు వెంటనే పైకి వెళ్ళి విమానం కుంగుతుంది. సెస్నా మీట అలవాటున్నవారు ఇక్కడ జాగ్రత్త వహించాలి. 40 డిగ్రీల ఫ్లాపులతో ఉన్న పాత 172 పూర్తి శక్తి ఇచ్చినా చాలా నెమ్మదిగా మాత్రమే పైకి లేస్తుంది.

చక్రాలు, దిశను మార్చే విధానం

ప్రధాన చక్రాలకు ముందు ఒక చక్రం ఉన్న విమానాలన్నీ నేలపై ఒకే విధంగా నడవవు. చెరోకీలో ముక్కు చక్రం రడ్డరు (చుక్కాని) పెడళ్ళకు నేరుగా కలిసి ఉంటుంది. ప్రక్కగాలిలో పెడలును ఒకవైపు నొక్కి ఉంచి వాలితే, ముక్కు చక్రం అదే వైపుకు తిరిగి ఉంటుంది. అది నేలను తాకే క్షణానికి పెడళ్ళను మధ్యకు తీసుకొనిరావాలి. సెస్నాలో ఈ అనుసంధానం స్ప్రింగు ద్వారా ఉండడం వలన ఈ ప్రభావం తక్కువ. డైమండ్, సిర్రస్ విమానాలలో ముక్కు చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. వేగం తగ్గిన తరువాత ఒకవైపు బ్రేకును వాడి దిశ మార్చాలి.

తరచుగా జరిగే మార్పులు

సెస్నా 152 నుండి 172, 182 లకు

172 ప్రవర్తనలో 152కు పెద్దన్న వంటిది. 152లో 110 అశ్వశక్తి కార్బురేటరు ఇంజను ఉంటుంది. శక్తి తగ్గించే ముందు కార్బురేటరుకు వేడి గాలి ఇవ్వడం అక్కడ అలవాటు. 172ఎస్‌లో ఇంధనాన్ని నేరుగా చిమ్మే ఇంజను ఉండడం వలన ఆ మీటయే లేదు. దీనికి అలవాటుపడి తిరిగి 152కు వెళ్ళినవారు వేడి గాలి మాటే మరచిపోయే ప్రమాదం ఉంది.

సెస్నా 182లో 230 అశ్వశక్తి ఇంజను ఉండడంతో ముక్కు బరువుగా ఉంటుంది. 172కు అలవాటుపడిన చేయి ఇచ్చే బలం 182కు చాలదు. ట్రిమ్ చేయకుండా ఫ్లేర్‌కు వస్తే ముక్కు తగినంత లేవక, ముక్కు చక్రం ముందుగా నేలకు కొడుతుంది. ఆ దెబ్బకు ఇంజనుకు, కూర్చునే గదికి మధ్యనున్న లోహపు అడ్డుగోడ (ఫైర్‌వాల్) వంగుతుంది. పాత 182ను కొనేవారు మొట్టమొదట పరీక్షించే భాగాలలో ఇది ఒకటి. దీనికి మరొక పార్శ్వం కూడా ఉంది. ముక్కు ఎత్తడానికి బాగా ట్రిమ్ చేసి, పూర్తి ఫ్లాపులతో దిగుతూ ఒక్కసారిగా పూర్తి శక్తి ఇస్తే ముక్కు బలంగా పైకి లేస్తుంది. దానిని గట్టిగా ముందుకు నెట్టి పట్టుకోకపోతే విమానం స్టాల్ కావచ్చు.

సెస్నా 172 నుండి పైపర్ చెరోకీకి

పీఏ-28 చెరోకీ తొలిసారి 1960 జనవరిలో ఎగిరింది. మొదటి చెరోకీల రెక్కలు దీర్ఘచతురస్రాకారంలో ఉండేవి. 1970ల మధ్యలో వచ్చిన వారియర్‌తో చివరికి సన్నబడే పొడవైన రెక్క ప్రవేశించింది. దీర్ఘచతురస్రపు రెక్క ఉన్న రకాలలో శక్తిని పూర్తిగా తగ్గిస్తే దిగుడు వేగంగా ఉంటుంది. 172లో వలె రన్‌వేకు చాలా ముందుగా త్రాటిల్‌ను మూసివేస్తే విమానం గట్టిగా పడుతుంది. రౌండవుట్ వరకు కొంత శక్తిని ఉంచడం మేలు.

దిగువ రెక్క నేలకు దగ్గరగా ఉంటుంది. రెక్క పొడవులో కొంత భాగం ఎత్తుకు దిగినపుడు రెక్క క్రింద గాలి ప్రవాహం మారి, ఈడ్పు తగ్గుతుంది. దీనిని భూప్రభావం అంటారు. ఇది దిగువ రెక్క విమానాలలో స్పష్టంగా తెలుస్తుంది. వేగం ఎక్కువగా ఉంటే చెరోకీ కూడా ఆ ఎత్తులో చాలాసేపు తేలుతుంది.

ఇంధనం విషయంలో కూడా తేడా ఉంది. 172లో ఇంధన మీటను రెండు ట్యాంకులపై కలిపి పెట్టవచ్చు. చెరోకీలో ఎడమ లేదా కుడి మాత్రమే ఉంటుంది. ల్యాండింగుకు ముందు ఎక్కువ ఇంధనం ఉన్న ట్యాంకుకు మార్చడం, విద్యుత్ పంపును వేయడం ఇక్కడ తప్పనిసరి అలవాట్లు.

సిర్రస్, డైమండ్ విమానాలకు

ఇవి కాంపోజిటు పదార్థాలతో చేసిన నున్నని విమానాలు. గాలి నిరోధం తక్కువ కనుక త్రాటిల్ తగ్గించినా వేగం త్వరగా పడిపోదు. సిర్రస్‌ను అప్రోచ్ ప్రారంభంలోనే తగిన వేగానికి తీసుకొనిరావాలి. రన్‌వే వద్ద సరిదిద్దుకోవడం కష్టం. దీనిని 172లో వలె స్టాల్ వరకు ముక్కు పైకెత్తి దించాలని చూస్తే తోక రన్‌వేకు తగిలే ప్రమాదం ఉంది. నిర్ణీత వేగంతో వచ్చి, కొద్దిపాటి ఎత్తుతో ప్రధాన చక్రాలపై దించడం దీని పద్ధతి. డైమండ్ డీఏ40 రెక్కలు పొడవైనవి, సన్ననివి. ఇది గ్లైడరు వలె దూరం సాగుతుంది. ఫైనల్‌లో ఎత్తు ఎక్కువైతే ఫ్లాపులు పూర్తిగా దించినా తగ్గించుకోవడానికి సమయం పడుతుంది.

తోక చక్రం విమానాలకు

పైపర్ జె-3 కబ్ వంటి విమానాలలో రెండు ప్రధాన చక్రాలు ముందు, ఒక చిన్న చక్రం తోక వద్ద ఉంటాయి. గురుత్వకేంద్రం ప్రధాన చక్రాలకు వెనుక ఉంటుంది. ముక్కు చక్రం విమానం ప్రక్కకు తిరిగి వాలితే దాని బరువే దానిని తిన్నగా చేస్తుంది. తోక చక్రం విమానంలో ఇది తలక్రిందులవుతుంది. చిన్న ప్రక్కచలనం కూడా పెరుగుతూ పోయి, విమానం నేలపై గిర్రున తిరిగిపోతుంది. దీనిని గ్రౌండ్ లూప్ అంటారు. ఇందులో రెక్క కొన, చక్రాల కాళ్ళు దెబ్బతింటాయి.

ముక్కు చక్రం విమానంలో నేల తాకగానే పని పూర్తయినట్లు కాళ్ళను వదిలేసే అలవాటు ఉంటే, ఇక్కడ దానిని పూర్తిగా మానుకోవాలి. విమానం ఆగేవరకు పెడళ్ళపై కాళ్ళు పని చేస్తూనే ఉండాలి. మూడు చక్రాలను ఒకేసారి దించే పద్ధతిలో నియంత్రణ దండాన్ని పూర్తిగా వెనక్కు లాగి ఉంచాలి. ప్రధాన చక్రాలపై మాత్రమే దించే రెండవ పద్ధతిలో నేల తాకిన తరువాత దండాన్ని కొద్దిగా ముందుకు నెట్టాలి.

మడిచే చక్రాల విమానాలకు

పైపర్ ఆరో, సెస్నా 172ఆర్‌జి వంటివాటిలో చక్రాలను లోపలికి మడుచుకోవచ్చు. స్థిరమైన చక్రాలకు అలవాటుపడిన పైలటుకు చక్రాలు దించాలన్న ఆలోచనే రాకపోవచ్చు. దీనికొరకు "గంప్స్" అనే జ్ఞాపక సూత్రాన్ని నేర్పుతారు. ఇంధనం, చక్రాలు, ఇంధన మిశ్రమం, ప్రొపెల్లరు, సీటు బెల్టులు అన్న వాటి ఆంగ్ల పదాల మొదటి అక్షరాలతో ఇది ఏర్పడింది. చక్రాలు మడవని విమానంలో కూడా దీనిని ప్రతిసారి పైకి చెప్పుకోవడం మంచి అలవాటని శిక్షకులు బోధిస్తారు.

బరువైన దాని నుండి తేలికైన దానికి

చిన్న విమానానికి మారడం సులభమని అనుకోవడం పొరపాటు. అమెరికాలో 2004లో ఏర్పరచిన తేలికపాటి క్రీడా విమానాల వర్గంలో నేలపై దిగే విమానాలకు గరిష్ఠ బరువు 600 కిలోలుగా ఉండేది. ఇటువంటి విమానాలకు జడత్వం తక్కువ. త్రాటిల్ మూయగానే వేగం త్వరగా పడిపోతుంది. 172లో వలె నిదానంగా, ఎత్తులో ఫ్లేర్ మొదలుపెడితే మిగిలిన కొద్ది అడుగులు పడిపోవలసి వస్తుంది. చేతి కదలికలు చిన్నవిగా ఉండాలి. గాలి విసురుకు విమానం ఎక్కువగా ఊగుతుంది.

గెంతు, గో అరౌండ్

వేగం ఎక్కువగా ఉండగా చక్రాలు నేలను తాకితే విమానం తిరిగి పైకి లేస్తుంది. దీనిని గెంతు అంటారు. కొత్త విమానంలో కంగారుపడిన పైలటు ముక్కును క్రిందికి నెడతాడు. దానితో ముక్కు చక్రం ముందుగా తాకి, విమానం మరింత బలంగా లేస్తుంది. విమానం స్పందించడానికి కొంత సమయం తీసుకొంటుంది గనుక పైలటు చేసే ప్రతి సవరణ ఆలస్యమై, ఊపును తగ్గించడానికి బదులు పెంచుతుంది. ఇలా రెండు మూడు గెంతులకు ప్రొపెల్లరు నేలకు తగిలి, ముక్కు చక్రపు కాలు విరిగిన సంఘటనలు అనేకం.

దీనికి నివారణ ఒక్కటే: పూర్తి శక్తి ఇచ్చి, ముక్కును స్థిరంగా ఉంచి, ఫ్లాపులను దశలవారీగా ఎత్తుతూ తిరిగి పైకి వెళ్ళిపోవడం. దీనిని గో అరౌండ్ అంటారు. ఇది ఓటమి కాదు, సాధారణ పద్ధతి. కొత్త విమానంలో గో అరౌండ్ ఎలా ఉంటుందో ల్యాండింగు కన్నా ముందే నేర్చుకోవాలి. ఎందుకంటే అవసరం వచ్చినపుడు ఆ విమానపు ఫ్లాపు మీట ఎక్కడున్నదో వెదకడానికి వ్యవధి ఉండదు.

సాధన క్రమం

కొత్త విమానానికి మారే పైలట్లకు శిక్షకులు సాధారణంగా ఈ క్రమాన్ని సూచిస్తారు.

1. ఆ విమానపు పైలటు చేతిపుస్తకాన్ని పూర్తిగా చదవాలి. స్టాల్ వేగాలు, అప్రోచ్ వేగం, ఫ్లాపుల గరిష్ఠ వేగం, ప్రక్కగాలి విలువలను విడిగా వ్రాసుకోవాలి. తయారీదారు పరీక్షించి చూపిన ప్రక్కగాలి సెస్నా 152కు 12 నాట్లు, 172ఎస్‌కు 15 నాట్లు, వారియర్ 2కు 17 నాట్లు.
2. ఇంజను వేయకుండా సీటులో కూర్చుని ప్రతి మీటను చూడకుండా తాకగలిగేవరకు సాధన చేయాలి. సీటు ఎత్తును ప్రతిసారి ఒకే విధంగా అమర్చుకోవాలి. లేకుంటే కంటి దృశ్యం మారుతుంది.
3. రన్‌వేపై విమానం నిలిచి ఉన్నపుడు ఎదుటి దృశ్యాన్ని గుర్తుంచుకోవాలి. చక్రాలు నేలపై ఉన్నపుడు కన్ను ఏ ఎత్తులో ఉంటుందో తెలిపేది ఇదే. తోక చక్రం విమానంలో మూడు చక్రాలపై దిగేటపుడు ఉండవలసిన భంగిమ కూడా ఇదే.
4. తగినంత ఎత్తుకు వెళ్ళి నెమ్మదిగా ఎగరడం, ల్యాండింగు స్థితిలో స్టాల్, దాని నుండి కోలుకోవడం అభ్యసించాలి. వేగం తగ్గుతున్నపుడు చేతికి తెలిసే బరువు, స్టాల్ హెచ్చరిక, ముక్కు ఎత్తు ఇక్కడే పరిచయమవుతాయి.
5. అదే ఎత్తులో ఒక స్థాయిని నేలగా ఊహించుకొని, పూర్తి ఫ్లాపులతో దిగి గో అరౌండ్ చేయాలి.
6. పొడవైన రన్‌వేపై, గాలి తక్కువగా ఉన్న సమయంలో, ఆ విమానంలో అనుభవమున్న శిక్షకునితో మొదటి ల్యాండింగులు చేయాలి.
7. తరువాత ఫ్లాపులు లేకుండా, ప్రక్కగాలిలో, పొట్టి రన్‌వేపై, నిండు బరువుతో విడివిడిగా అభ్యసించాలి. ఒక స్థితిలో కుదిరిన పద్ధతి మరొక స్థితిలో కుదురుతుందని భావించరాదు.

పాత విమానానికి తిరిగి వెళ్ళేటపుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం.

నిబంధనలు

అమెరికాలో ఒకే ఇంజనుతో నేలపై దిగే విమానాలన్నీ ఒక తరగతి. ఆ తరగతిలో లైసెన్సు ఉన్న పైలటు, గరిష్ఠ బరువు 12,500 పౌండ్లకు (సుమారు 5,670 కిలోలు) మించని, జెట్ కాని విమానాలలో చాలావాటిని వేరే పరీక్ష లేకుండా నడపవచ్చు. తోక చక్రం, మడిచే చక్రాలు, 200 అశ్వశక్తికి మించిన ఇంజను వంటివాటికి మాత్రం శిక్షకుని ధ్రువీకరణ కావాలి. ప్రయాణీకులను తీసుకొని వెళ్ళడానికి గడచిన 90 రోజులలో మూడు టేకాఫులు, మూడు ల్యాండింగులు చేసి ఉండాలి. అయితే సాధారణంగా ఒకే తరగతిలోని మరొక విమానంలో చేసినా ఇవి చెల్లుతాయి. అనగా 172లో చేసిన మూడు ల్యాండింగులతో, చట్టం దృష్టిలో, 182లో ప్రయాణీకులను తీసుకొని వెళ్ళడానికి కావలసిన ఇటీవలి అనుభవం పూర్తయినట్లే. చట్టం ఇచ్చే అనుమతికి, నిజమైన నైపుణ్యానికి మధ్యనున్న ఈ దూరాన్ని పూరించే బాధ్యత పైలటుదే. అమెరికా ఫెడరల్ విమానయాన సంస్థ 2011లో అపరిచిత విమానాలకు మారడంపై ప్రత్యేక సలహాపత్రాన్ని విడుదల చేసి, 2015లో సవరించింది.

ఐరోపాలో మడిచే చక్రాలు, తోక చక్రం, కోణం మారే ప్రొపెల్లరు, ఎలక్ట్రానిక్ పరికరాల తెరలు మొదలైన తేడాలకు విడిగా "తేడాల శిక్షణ" పొందవలసి ఉంటుంది.

మార్పు శిక్షణ లోపానికి బాగా తెలిసిన ఉదాహరణ అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ మరణం. 1997 అక్టోబరు 12న ఆయన తాను కొత్తగా కొన్న లాంగ్-ఈజెడ్ విమానంలో ఎగురుతూ కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో కూలిపోయాడు. ఆయన అనుభవజ్ఞుడైన పైలటు. ఇది ల్యాండింగులో జరిగిన ప్రమాదం కాదు. ఆ విమానంలో ఇంధన మీట పైలటు భుజం వెనుక, చేతికి సులభంగా అందని చోట ఉండేది. దానిని తిప్పే ప్రయత్నంలో ఆయన అనుకోకుండా రడ్డరు నొక్కడంతో విమానం అదుపు తప్పిందని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి నిర్ధారించింది. తగిన మార్పు శిక్షణ లేకపోవడాన్ని కూడా కారణాలలో చేర్చింది.

చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లోని ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్జిలరీ పైలట్లు కర్మాగారాల నుండి వైమానిక స్థావరాలకు 3 లక్షలకు పైగా విమానాలను చేర్చారు. వీరిలో మహిళలు కూడా ఉండేవారు. విమానాలను తరగతులుగా విభజించి, ఒక తరగతిలో శిక్షణ పొందినవారు ఆ తరగతిలోని ఇతర రకాలను కూడా నడిపేవారు. మునుపెన్నడూ చూడని విమానం ఎక్కేముందు వారు చిన్న అట్టల పుస్తకాన్ని చదివేవారు. అందులో ఒక్కొక్క రకానికి ముఖ్యమైన వేగాలు, మీటల అమరికలు క్లుప్తంగా ఉండేవి. తేడాలను వ్రాసిపెట్టుకొని, ఎగిరేముందు చదివితే విమానం మార్పు సాధ్యమేనని ఈ అనుభవం చూపింది.

ఆ కాలపు చిన్న విమానాలలో అధికభాగం తోక చక్రంతో ఉండేవి. 1937లో తొలిసారి ఎగిరిన ఎర్‌కూప్ ముక్కు చక్రంతో, రడ్డరు పెడళ్ళు లేకుండా రూపొందింది. ప్రక్కగాలిలో దీనిని గాలివైపు తిరిగి ఉండగానే నేలకు దించేవారు; నేల తాకిన తరువాత అదే తిన్నబడేది. ఇతర విమానాలలో తప్పుగా భావించే పద్ధతి దీనికి సరైన పద్ధతి అయింది. 1956లో సెస్నా తన తోక చక్రపు 170కి ముక్కు చక్రాన్ని అమర్చి 172గా అమ్మకానికి తెచ్చింది. ఇది 44,000కు పైగా తయారై, ప్రపంచంలో అత్యధికంగా తయారైన విమానంగా నిలిచింది. దీనితో తోక చక్రం నుండి ముక్కు చక్రానికి మారే తరం పోయి, ముక్కు చక్రం నుండి తోక చక్రానికి మారే తరం వచ్చింది. ఈ రెండవ మార్పు మొదటి దానికన్నా కష్టమైనది.

భారతదేశంలో

హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ పూర్వరూపంలో రూపొందించిన హెచ్‌టి-2 శిక్షణ విమానం 1951లోను, పుష్పక్ 1958లోను తొలిసారి ఎగిరాయి. రెండూ తోక చక్రపు విమానాలే. హెచ్‌టి-2లో రెక్క దిగువన, సీట్లు ముందు వెనుకలుగా ఉండేవి. పుష్పక్‌లో రెక్క ఎగువన, సీట్లు పక్కపక్కన ఉండేవి. దేశంలోని ఫ్లయింగు క్లబ్బులలో పుష్పక్ విస్తృతంగా వాడబడింది. తరువాతి కాలంలో ముక్కు చక్రపు సెస్నా 152, 172లు శిక్షణలోకి వచ్చాయి. హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయం కూడా ఇటువంటి పైలటు శిక్షణకు కేంద్రంగా ఉంటూ వచ్చింది. జాతీయ వైమానికాంతరిక్ష ప్రయోగశాల రూపొందించిన హంస విమానం 1993లో తొలిసారి ఎగిరింది. ఇది కాంపోజిటు పదార్థాలతో చేసిన దిగువ రెక్క, ముక్కు చక్రపు విమానం.

ఇవి కూడా చూడండి

* విమానం
* విమానాశ్రయం
* రన్‌వే
* సెస్నా 172
* హిందుస్థాన్ ఏరోనాటిక్స్
* బేగంపేట విమానాశ్రయం